దిద్దుబాటుకు తగిన కత్తి

తెలుగులో ‘గీయు’ అనే ధాతువుకు పని ఎక్కువ. పిల్లవాడు పలక మీద గీత గీస్తాడు. గీత కార్మికుడు తాటిచెట్టు గీస్తాడు. అద్దం ముందు నిలబడి మగవాడు గడ్డం గీసుకుంటాడు. మూడు పనుల్లోనూ నేర్పు ఒకటే. మొన ఎంతవరకు దిగాలో అంతవరకే దిగనివ్వడం. పలనాటి ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా ముప్ఫై మూడేళ్ళు ఈ క్రియను పిల్లలకు బోధించాను. ఇప్పుడు అరవై ఏడో ఏట దాని మూడవ అర్థాన్ని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. విషయం చిన్నదే. మడతకత్తితో గడ్డం గీసుకున్న తరువాత అక్కడక్కడ మిగిలిపోయే గరుకును సరిచేసుకోవడానికి ఎటువంటి సేఫ్టీ రేజరు తగినది అన్నదే ఆ విషయం.

ముందుగా కత్తి సంగతి. సంస్కృతంలో దీనిని క్షురము అంటారు. క్షౌరమనే మాట దాని నుంచి పుట్టినదే. కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గాన్ని ఈ క్షురపు అంచుతోనే పోల్చింది. మా చిన్నతనంలో ఊళ్ళో వాడుక మంగలికత్తి. ఆ వృత్తివారిని చిన్నబుచ్చే ధోరణిలో ఆ మాటను వాడినవారు చాలామంది ఉన్నారు కనుక నేను మడతకత్తి అనే అంటాను. అంచును పిడిలోకి మడిచి దాచుకునే కత్తికి ఆ పేరు చక్కగా అతుకుతుంది కూడా.

ఆ రోజుల్లో క్షౌరానికి రొక్కం ఇచ్చే అలవాటు పల్లెల్లో తక్కువ. పంట ఇంటికి వచ్చాక ఏడాదికి ఒకసారి మేర కొలిచేవారు. నాయీబ్రాహ్మణ పెద్దాయన పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. ఆ పొదిలో రెండు మూడు కత్తులు, కత్తెర, నూరుడు రాయి, తోలుపట్టీ, చిన్న అద్దం, నీళ్ళ గిన్నె, పటిక ముక్క ఉండేవి. పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేదీ ఆయనే, కురుపులకు మందు కట్టేదీ ఆయనే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా నాన్నగారి కత్తిని నా చేతికిచ్చి, దానిని వాడడం నేర్పించినది కూడా ఆ పెద్దాయనే. ఉదయం మొదటి గంటకు బడిలో ఉండాలి. మంగళవారం, శుక్రవారం, అమావాస్య అనే పట్టింపులు ఇంట్లో ఉండనే ఉన్నాయి. ఎవరి గడ్డం వారు గీసుకోక తప్పని ఉద్యోగం మాది.

ఆయన మొదట నేర్పినది గీయడం కాదు, పదును నిలపడం. తోలుపట్టీ మీద కత్తిని నడిపేటప్పుడు వీపు ముందు నడవాలి, అంచు వెనుక రావాలి. అంచు ముందుకు పోతే తోలూ తెగుతుంది, పదునూ చెడుతుంది. చివరకు చేరగానే కత్తిని వీపు మీదనే తిప్పాలి కాని అంచు మీద తిప్పరాదు. చర్మం మీద కత్తిని దాదాపు ముప్ఫై డిగ్రీల వాలున పట్టాలి. రెండో చేతితో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకోవాలి. బలం ఎక్కడా వాడరాదు. వారం రోజులు ఉత్త తోలుపట్టీ మీదనే నాచేత అభ్యాసం చేయించి గాని ఆయన నా ముఖం మీదికి కత్తిని రానివ్వలేదు. ఓనమాలు దిద్దించే పద్ధతి కూడా ఇదే కదా అని అప్పుడే అనుకున్నాను.

తరువాత కాలం మారింది. 1986లో మద్రాసులో మన దేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. ఆ తరువాతి ఏళ్ళలో ఆ వ్యాధిని గురించి, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వంటి వాటిని గురించి ప్రచారం పల్లెల దాకా వచ్చింది. ఒకే కత్తి పదిమంది ముఖాల మీద నడవకూడదన్న ఎరుక జనానికి కలిగింది. క్షౌరశాలల్లో మడతకత్తి క్రమంగా మూలకు చేరింది. దాని స్థానంలో సగానికి విరిచిన బ్లేడును బిగించుకునే కత్తి వచ్చింది. మనిషి మారగానే బ్లేడు మారుతుంది. ఇది మంచి మార్పు, దీనిని గురించి విచారించవలసినది ఏమీ లేదు. సొంత కత్తిని సొంత ముఖానికే వాడుకునే నాబోటి వాడికి ఆ ప్రమాదం లేదు కనుక నా కత్తి నా దగ్గరే ఉండిపోయింది.

మడతకత్తి అంచు పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. విశాలమైన చెంపల మీద అది మాగాణిలో నాగలిలాగా సాగిపోతుంది. కాని గడ్డం కూడా మా పలనాటి నేలలాగానే అంతటా సమతలం కాదు. గడ్డపు బుడిపె కింది పల్లం, దవడ ఎముక మలుపు, ముక్కు కింది ఇరుకు, కంఠమణి పక్కన వెంట్రుకలు సుడి తిరిగిన చోటు, ఈ నాలుగు తావుల్లో అంత పొడుగు అంచుకు ఇమిడే చోటు లేదు. కుడిచేతి వాటం వాడికి ముఖం ఎడమవైపున చేయి అడ్డం వస్తుంది. వెంట్రుక వాలుకు గీసినప్పుడు అక్కడక్కడ గరుకు మిగులుతుంది. ఎదురుగా గీస్తే అది పోతుంది నిజమే. కాని కంఠం మీద కంచె లేని అంచును ఎదురు నడిపించడం చేయి తిరిగిన వృత్తిదారులకే సాహసం.

నా విషయంలో ఆ సాహసానికి ఇప్పుడు మరో అడ్డు వచ్చింది. రెండేళ్ళ కిందట గుంటూరులో గుండెకు చికిత్స జరిగింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర వేసుకునేవాడికి చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు. అదీకాక, ఈ మధ్య నా చేతిరాతలో ఒక మార్పు గమనించాను. మన తెలుగు అక్షరాలు గుండ్రనివి. గీతల లిపిలో దాగే వణుకు గుండ్రని లిపిలో దాగదు. ‘ఠ’ రాస్తే వలయం నునుపుగా రాకుండా అక్కడక్కడ నొక్కులు పడుతున్నది. సెలవులకు వచ్చిన కోడలు ఒక ఉదయం గుమ్మంలో నిలబడి, “మామయ్యగారూ, ఇంకా ఆ కత్తేనా? డాక్టరుగారు ఏమన్నారో మీకు గుర్తుంది కదా” అన్నది. మా ఇంటావిడ ఏమీ అనలేదు. ఆవిడ అనకపోవడంలో అర్థం ఎక్కువ.

కత్తిని పూర్తిగా మానడానికి నాకు మనసు రాలేదు. అలాగని మాత్ర సంగతి మరచి మొండికెత్తడం వివేకం కాదు. అందువల్ల ముఖాన్ని రెండు భాగాలుగా పంచాను. సాఫీగా ఉండే చెంపలు కత్తికి, పల్లాలు, మలుపులు, కంఠం సేఫ్టీ రేజరుకు. ఆ రెండో భాగస్వామిని ఎన్నుకోవడానికి నరసరావుపేటలో మల్లమ్మ సెంటరు చుట్టుపక్కల దుకాణాలన్నీ ఒక పూట తీరికగా తిరిగాను.

ఈ సాధనం చరిత్ర కొంచెం చెప్పుకుంటే ఎన్నిక సులువవుతుంది. అంచుకు కంచె కట్టాలన్న ఆలోచన పాతదే. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రాన్సులో పెరే అనే కత్తుల పనివాడు మడతకత్తికి కొయ్య తొడుగు అమర్చాడు. పారవేయదగిన పలుచని బ్లేడుతో దానిని ఇంటింటి వస్తువుగా చేసినవాడు అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిల్లెట్. 1903లో అమ్మకం మొదలైనప్పుడు ఆ ఏడాది మొత్తం మీద పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు 90 వేలకు పైగా రేజర్లు అమ్ముడైనాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు తీసుకున్నది. యుద్ధం నుంచి ఇంటికి వచ్చినవారితో పాటు అలవాటు కూడా ఇంటికి వచ్చింది. తొలినాటి బ్లేడ్లు తుప్పు పట్టేవి. 1960ల మొదట్లో తుప్పు పట్టని ఉక్కు బ్లేడ్లు విరివిగా రావడంతో ఆ బాధ తీరింది. మా తరం పల్లె పిల్లలు టోపాజ్, సెవెనోక్లాక్ బ్లేడ్ల పేర్లు పెద్దలు వాడి పడేసిన ముక్కలతో పెన్సిళ్ళు చెక్కుకుంటూ నేర్చుకున్నవారే.

సంస్కృతంలో ముండనానికి భద్రాకరణము అని ఒక పేరున్నది. భద్రమంటే అక్కడ శుభమని అర్థం. తెలుగువాడికి భద్రమంటే క్షేమం. సేఫ్టీ రేజరును భద్రక్షురము అని పిలుచుకుంటే రెండు అర్థాలూ కలిసివస్తాయి. ఈ పేరు ఎవరూ వాడరని తెలుసు. పండితుడి సరదా అనుకుని మన్నించండి.

ఇక ఎన్నిక. దుకాణదారు ఎవరైనా మొదట చూపించేది బాగా నున్నగా గీసే రేజరునే. గడ్డం మొత్తాన్ని దానితోనే గీసుకునేవారికి ఆ సలహా సరైనదే. మనకు కావలసినది అది కాదు. మన ముఖం మీద అప్పటికే ఒకసారి కత్తి నడిచింది. చర్మపు పైపొర కొంత లేచిపోయింది. దాని మీదికి మళ్ళీ వచ్చే సాధనం మొదటిదానికన్నా సౌమ్యంగా ఉండాలి. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మా తరం పండితులు పాటించిన నియమం ఇదే. పిల్లవాడు రాసిన వాక్యంలో తప్పు ఉన్న అక్షరం మీదనే ఎర్రసిరా పడాలి. వాక్యమంతా కొట్టివేసి మనం రాస్తే అది దిద్దుబాటు కాదు, మరొక రచన. దిద్దడానికి వచ్చినది రాయడానికి వచ్చినదానికన్నా మృదువుగా ఉండాలన్న ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మిగిలిన లక్షణాలన్నీ దాని వెంటే వస్తాయి.

మొదటి లక్షణం కంచె. రేజరు తలకు కింది పలక రెండు విధాలుగా ఉంటుంది. దువ్వెన పళ్ళలాగా చీలికలున్నది ఒకటి, నిండు అంచు ఉన్నది మరొకటి. నాలుగు రోజుల గడ్డానికి పళ్ళ అంచు మేలు, నురగ దాని సందుల్లోంచి సాగిపోతుంది. దిద్దుబాటుకు నిండు అంచే తగినది. అది బ్లేడుకు ముందే చర్మాన్ని చదును చేస్తుంది.

రెండవది బ్లేడు ఎంత బయటికి వచ్చి ఉన్నది అన్నది. రేజరు తలను పక్క నుంచి చూడండి. పైకప్పు అంచు నుంచి కింది కంచె అంచు దాకా ఒక గీత ఊహించుకోండి. బ్లేడు మొన ఆ గీతను దాటి ముందుకు వస్తే అది దూకుడు రేజరు. గీతకు సమంగానో, కొంచెం లోపలికో ఉంటే అది సాధువు. బ్లేడుకూ కంచెకూ మధ్య సందు కూడా సన్నగా ఉండాలి. ఈ పరీక్షకు డబ్బు అక్కరలేదు, వెలుతురు ఉంటే చాలు. సందును తిప్పుడుతో పెంచుకుని తగ్గించుకునే రేజర్లు కూడా ఉన్నాయి. మనం ఎప్పుడూ చిన్న అంకె దగ్గరే వాడతాము కనుక ఆ సదుపాయానికి అదనపు ధర పెట్టనవసరం లేదు.

మూడవది తల మందం. ముక్కు కింద పట్టాలంటే తల పలుచగా ఉండాలి. నాలుగవది బరువు. ఇత్తడి మీద పూత పూసిన రేజరు బరువుగా ఉంటుంది. ఆ బరువే పని చేస్తుంది, మనం నొక్కనవసరం లేదు. ప్లాస్టిక్ రేజరు తేలిక కనుక చేయి తెలియకుండానే నొక్కుతుంది. వణికే చేతికి బరువు మరొక విధంగా కూడా మేలు, చిన్న వణుకులను అది మింగేస్తుంది. పిడి పొట్టిగా, సబ్బు చేతికి జారకుండా గరుకు గాట్లతో ఉండాలి.

అయిదవది విప్పే తీరు. పిడి కొస తిప్పగానే పైకప్పు రెండు రెక్కలుగా తెరుచుకునేది ఒక రకం. అంచును ముట్టుకోకుండా బ్లేడు మార్చవచ్చు కనుక వృద్ధులకు అది సుఖమంటారు. కప్పు, పలక, పిడి అని మూడు ముక్కలుగా విడిపోయేది రెండో రకం. పలనాటివారికి నేను ఈ రెండోదే చెబుతాను. కారణం మన నీరు. మాచర్ల నుంచి పిడుగురాళ్ళ దాకా మన కాళ్ళ కింద ఉన్నది సున్నపురాయి. బోరునీటిలో సున్నం పాలు ఎక్కువ. సబ్బు అందులో నురగ కట్టక తెల్లని తెట్టు కడుతుంది. ఆ తెట్టు రెక్కల రేజరు కీళ్ళలో పేరుకుంటే తీయడం కష్టం. మూడు ముక్కలదైతే విప్పి నిమ్మచెక్కతో రుద్ది కడిగేయవచ్చు. గడ్డానికి నురగ కట్టడానికి బోరునీటి కన్నా, సాగరు కాలువతో నింపిన మంచినీటి చెరువు నీళ్ళే మేలు. 1967లో కుడికాలువకు నీళ్ళు వచ్చాక మాగాణి ఎంత మారిందో అందరూ చెబుతారు. గడ్డాలు కూడా కొంత సుఖపడ్డాయని ఎవరూ రాయలేదు.

రెండు, మూడు, అయిదు బ్లేడ్లు వరుసగా పేర్చిన తలల సంగతి అడుగుతారు. జంట బ్లేడ్ల తల 1971లో వచ్చింది. మొదటి అంచు వెంట్రుకను పైకి లాగితే రెండోది చర్మానికి ఇంకా దిగువగా కోస్తుందన్నది దాని సూత్రం. అప్పటికే ఒకసారి గీసిన చోట ఇది అనవసరం. ఉంగరాల గడ్డం వారికి వెంట్రుక చర్మం కిందనే వంకరపోయి పొక్కులు లేస్తాయి. వాటికన్నా, 2010లో జిల్లెట్ వారు మన దేశం కోసమే తయారు చేసి 15 రూపాయలకు విడుదల చేసిన ఒంటి బ్లేడు గార్డు రేజరు నయం. కుళాయి ధార లేకుండా గిన్నెడు నీళ్ళతో నేల మీద కూర్చుని గడ్డం గీసుకునేవారిని చూసి దానిని రూపొందించారు. దాని కంచె పనికివచ్చే కంచె. తేలికగా ఉండడమే నాకు నచ్చలేదు. ఇక క్షౌరశాలల్లో వాడే సగం బ్లేడు కత్తి ఈ పనికి బొత్తిగా తగదు. మడతకత్తికి ఉన్న ప్రమాదమంతా దానికీ ఉంది, మడతకత్తికి ఉన్న బరువూ నిదానమూ దానికి లేవు.

చివరకు నేను తెచ్చుకున్నది నిండు అంచు కంచె, సన్నని సందు, పొట్టి పిడి ఉన్న మూడు ముక్కల ఇత్తడి రేజరు. వాడే పద్ధతి కూడా చెబుతాను. కత్తి పని ముగిశాక ముఖం కడుక్కోవాలి. తరువాత అద్దాన్ని కాదు, వేళ్ళను నమ్మాలి. తడి వేళ్ళతో నెమ్మదిగా తడిమితే గరుకు ఎక్కడున్నదో, వెంట్రుక ఎటు వాలిందో తెలుస్తుంది. అక్కడ మాత్రమే మళ్ళీ నురగ రాయాలి. ముందుగా వెంట్రుకకు అడ్డంగా, చిన్న చిన్న గీతలుగా, ఒక్కసారి నడపాలి. ఎదురుగా నడపడం నున్నన కోరేవారికే. పొడి చర్మం మీద ఒక్క గీత కూడా వద్దు. చివర తడి పటిక రాస్తే అది పరీక్షాధికారిలాగా పని చేస్తుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మనం ఎక్కువ గీశామని అర్థం. నాబోటి మాత్రలవారు పటికను చేతికి అందేట్టు పెట్టుకోవాలి. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు కదపకుండా అదిమి పట్టాలి.

వాడిన బ్లేడును చెత్తలో పారవేయకండి. మూతకు సన్నని చీలిక పెట్టిన ఒక రేకు డబ్బాలో వేస్తూ పోతే ఏళ్ళ తరబడి నిండదు. చెత్తను చేతులతో ఎత్తే పారిశుద్ధ్య కార్మికుడి వేళ్ళు కూడా మన వేళ్ళలాంటివే.

మాది పదునుకు మొక్కే సీమ. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి ఉత్సవాలలో వీరుల ఆయుధాలకు నేటికీ పూజ జరుగుతుంది. అయితే ఆ అయిదు రోజుల్లో రెండవ దినానికి రాయబారమని పేరు. కత్తికన్నా ముందు నడవవలసినది ఒకటి ఉన్నదని ఆ ఉత్సవం కట్టినవారికి తెలుసు.

ఈ పంపకం శాశ్వతం కాదని నాకు తెలుసు. ఈ ఏడు చెంపలు రెండూ కత్తివి. వచ్చే ఏడు ఎడమ చెంప రేజరుకు పోవచ్చు. మరి కొన్నాళ్ళకు కత్తి తోలుపట్టీతో సహా పెట్టెలోకి వెళుతుంది. అందుకే నా ఈడు మిత్రులకు ఒక మాట. మృదువైన సాధనాన్ని చేయి బాగా వణికిన తరువాత వెతుక్కోకండి. చేయి స్థిరంగా ఉండగానే ఎన్నుకుని, చిన్న చిన్న చోట్ల దానితో పరిచయం చేసుకోండి. అప్పుడు ముఖమంతా దానికి అప్పగించవలసిన రోజు వచ్చినా మీ గడ్డం మీ చేతిలోనే ఉంటుంది, మరొకరి చేతికి పోదు. మొన్న కోడలు ఫోనులో అడిగితే కంఠం దాకా రేజరుకే ఇచ్చేశానని చెప్పాను. “చెంపలు?” అని అడిగింది. వాటికి ఇంకా గడువున్నదన్నాను.

స్వస్తి.